వైద్యవిద్యయు, సైనికవేతనమును

మహానంది మండలమున అరటితోట సాగుచేసికొను రైతొకడు ఇటీవల మా కచ్చేరీకి వచ్చి, ఆంగ్లభాషలోనున్న పత్రమొకటి బల్లమీద పెట్టి, "సామీ, దీంట్లో సంతకం పెడితే పిల్లోడు మాకు మిగులుతాడా?" యని యడిగెను. ఆ పత్రము పుణెలోని సాయుధదళముల వైద్యకళాశాలవారిది. కుమారుడు నీట్ పరీక్షలో మంచి స్థానము సంపాదించి, అచ్చటి మౌఖికపరీక్షయు దేహపరీక్షయు నెగ్గెను. చదువునకు రుసుము లేదు. బస, భోజనము, దుస్తులు సర్కారువే. అందులకు ప్రతిగా చదువు ముగిసిన పిమ్మట సైన్యమున వైద్యాధికారిగా కొలువు చేయుదునని బద్ధుడు కావలయును. మాట తప్పినచో అరువది లక్షల రూపాయలకు పైబడిన సొమ్ము చెల్లింపవలయును. ఆ యంకె చదివి వినిపించినంతనే రైతు పత్రమును వెనుకకు లాగికొనెను. "ఆ సొమ్ము నిన్నెవ్వరు నిప్పుడడుగుట లేదు, నీ కొడుకు ఒప్పుకొన్న పని చేసినచో ఎన్నటికిని అడుగరు" అని నచ్చజెప్పుటకు మాకు గంటకాలము పట్టినది.

ఈ ముచ్చట ఆ సాయంకాలము నంద్యాల పఠనమందిరమున ప్రస్తావనకు రాగా, పత్రికలు చేతబట్టుకొన్న పెద్దలు రెండు పక్షములైరి. కన్నబిడ్డను పటాలమునకు తాకట్టుపెట్టి చదివించుట దాస్యమని కొందరనిరి. ఊరక వచ్చిన విద్యను కాలదన్నుకొనుట మూర్ఖత్వమని తక్కినవారనిరి. ఇందు దాస్యమును లేదు, ఊరక వచ్చినదియు లేదు. వైద్యుడొకడు తయారగుటకు చాల ధనము వ్యయమగును. ఆ ధనము పెట్టవలసిన వారెవరు? దానికి బదులుగా అతడు ఎవరికి, ఎన్నాళ్లు, ఏ షరతులమీద పనిచేయవలయును? ఈ ప్రశ్నలకు సైన్యము తన సమాధానము తాను చెప్పుకొన్నది. పౌరప్రభుత్వము చెప్పుకొనలేదు. చెప్పుకొనకపోగా సీటును సంతలో పెట్టి వెలకట్టినది. మా ఫిర్యాదు సైన్యముమీద గాదు.

సైన్యము చెప్పిన సమాధానము నిన్న మొన్నటిది కాదు. 1835లో చెన్నపట్టణమున వైద్యపాఠశాల వెలసినది. కుంపిణీ పటాలములలో తెల్లవైద్యులకు చేదోడుగా అపోతికరీలును, కట్లుకట్టు డ్రెస్సరులును కావలసియుండిరి. అందుకొఱకే ఆ పాఠశాల పుట్టినది. మన పల్లెలలో మశూచికముచేతను, విషూచిచేతను జనులు రాలిపోవుచున్నారని జాలిపడి పెట్టినది కాదు. కావలసినవాడు ఖర్చు పెట్టుకొనెను, అంతియే. ఆ పాఠశాలయే 1850లో మద్రాసు మెడికల్ కాలేజీ యైనది. తరువాతి కాలమున జిల్లాలనేలిన ఇండియన్ మెడికల్ సర్వీసు వారును మూలమున సైనికోద్యోగులే. యుద్ధము వచ్చినప్పుడు తిరిగి పిలుచుకొను షరతుమీద వారిని పౌరవిభాగమునకు ఎరువిచ్చుచుండిరి. 1855 నుండి ఆ కొలువునకు పోటీపరీక్ష పెట్టిరి గాని, అది వ్రాయవలెనన్న లండను పోవలయును! దొరతనము పోయినను పద్ధతి పోలేదు. పోవలసిన యవసరమును లేదు. 1948లో పుణె కళాశాల స్థాపింపబడినది. 1962 ఆగస్టు 4న అచ్చట ఎం.బి.బి.ఎస్. విభాగము మొదలైనది. 1944లో తిరుపతిలో జన్మించిన పద్మా బందోపాధ్యాయ ఆ కళాశాలలోనే వైద్యము చదివి, భారత వాయుసేనలో ఎయిర్ మార్షల్ పదవినందిన మొదటి మహిళ యైనది. ఇట్టి చదువును దాస్యమనువారు ఆమెను ఏమందురో!

అయినను ఆ ద్వారము ఎంత సన్ననిదో చూడవలయును. నీట్ వ్రాయువారు దేశమున ఏటేట ఇరువది లక్షలకు మించుచున్నారు. పుణెలో చేర్చుకొనువారు సుమారు 145 మంది. అందు ఆడపిల్లలకు ముప్పది స్థానములు. చదువు ముగించినవారిలో దాదాపు సగము మందికి శాశ్వతపు కమీషను, తక్కినవారికి ఏడేండ్ల స్వల్పకాలపు కమీషను. సైన్యము తన కెందరు కావలయునో అందరినే తీసికొనుచున్నది. అది న్యాయమే. ఆళ్లగడ్డ ఆసుపత్రికి డాక్టరు లేడని సైన్యము చింతింపవలసిన పనిలేదు. చింతింపవలసినవారు వేఱొకరు.

ఆ వేఱొకరు చేసినదేమి? ఒకప్పుడు ఈ ప్రాంతపు రోగికి కష్టము వచ్చినచో 1957లో వెలసిన కర్నూలు వైద్యకళాశాలయే గతి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా యేర్పడినది. 2023లో నంద్యాలకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. 150 సీట్లతో విజయనగరము, రాజమహేంద్రవరము, ఏలూరు, మచిలీపట్టణములతో పాటుగా తరగతులు మొదలైనవి. ఊరెల్ల సంతోషించినది; మేమును సంతోషించితిమి. కాని ఆ సంవత్సరముననే 107, 108 సంఖ్యల ఉత్తరువులు వెలువడినవి. ఈ కొత్త కళాశాలలలో రాష్ట్రమునకు మిగులు సీట్లలో సగము మాత్రము మామూలు రుసుమునకు, ఏటికి పదునైదువేలు. నూటికి ముప్పదియైదు 'సెల్ఫ్ ఫైనాన్సు' సీట్లని పేరుపెట్టి ఏటికి పండ్రెండు లక్షలు. నూటికి పదునైదు ప్రవాసుల కోటా యని ఏటికి ఇరువది లక్షలు. ప్రజల సొమ్ముతో కట్టిన గోడల నడుమ, ప్రజల ఆసుపత్రిలోని రోగుల దేహములమీద నేర్చు విద్యకు ఇది వెల! ఆ ఉత్తరువులను రద్దు చేయుదుమని 2024 ఎన్నికలకు ముందు వాగ్దానములు వినవచ్చినవి. వాగ్దానము చేసినవారు గద్దె నెక్కిరి. 2025లో వారు మఱి పది కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యమున నడిపింప నిశ్చయించిరి. కక్షులు మారినారే గాని దావా మారలేదు.

పండ్రెండు లక్షలు చెల్లించి చదివినవాడు చదువు ముగిసిన పిమ్మట ఏమి చేయును? పెట్టినది రాబట్టుకొనును. దీనికి అతనిని నిందించుట తప్పు. సరకు అమ్మినవాడే కొన్నవానిని లాభము చూడవలదని శాసించుటకు మోమెట్లుండును? అతడు కర్నూలో హైదరాబాదో చేరి స్కానింగు యంత్రము పెట్టుకొనును. అహోబిలపు త్రోవలోనో, ఆత్మకూరు అడవి యంచుననో రాత్రివేళ కాన్పు కష్టమైన తల్లికి అతడు అక్కఱకు రాడు. నల్లమలలోని చెంచుగూడెమువారు అతని ముఖమైనను చూడరు. తాను వైద్యుని కొఱకు ధనము పెట్టనిచోట అతని కాలమును అడుగు హక్కు సర్కారునకు లేదు. సైన్యము ధనము పెట్టినది గనుకనే అడుగుచున్నది, ఇప్పించుకొనుచున్నది.

ఇక అసలు మనవికి వచ్చుచున్నాము. రైతు వచ్చిన వారము లోపలనే ఒక నర్సమ్మ వచ్చినది. బి.ఎస్‌సి. నర్సింగు పట్టము పుచ్చుకొన్నది. ఏండ్లు ఇరువదియాఱు. ఒక సర్కారు ఆసుపత్రిలో కాంట్రాక్టు కొలువు. ఆ జీతముమీద తల్లి, తమ్ముడు. ప్రసవపు గదిలో నాలుగేండ్లు రాత్రిడ్యూటీలు చేసిన మనిషి. రైతు బిడ్డ సంగతి ఎవరో చెప్పగా విని, "సార్, నాకు అట్లాంటిది ఏమన్నా ఉందా? పుస్తకాలు నేను చదువుకుంటాను. ఇంట్లో పొయ్యి ఆగకుండా ఉంటే చాలు" అన్నది. మేము పుణె కళాశాల నిబంధనలు తీసి చూపితిమి. చేరు సంవత్సరము డిసెంబరు 31 నాటికి ఇరువదినాలుగేండ్లు మించరాదు. వివాహితులు కారాదు. ఆమెకు రెండేండ్లు మించినవి, సంబంధము కుదిరియున్నది. ద్వారము మూసినట్లే.

పౌరకళాశాలల ద్వారము మూయలేదు. జాతీయ వైద్యకమీషను 2022లో నీట్ పరీక్షకు పైవయసు పరిమితిని తొలగించినది. ఇరువదియాఱేండ్లవాడును వ్రాయవచ్చును, నలువదియాఱేండ్లవాడును వ్రాయవచ్చును. వ్రాసి గెలిచినచో? మామూలు సీటు రుసుము పదునైదువేలే. నర్సమ్మ అది కట్టగలదు. కాని నాలుగున్నరయేండ్ల చదువు, పిమ్మట ఒకయేడు హౌస్‌సర్జను పని. అందు మొదటి నాలుగున్నరయేండ్లు జీతము లేక ఇల్లెట్లు గడచును? పట్టభద్రునకు చదువును దూరము చేయునది రుసుము గాదు, ఆగిపోవు జీతము. పదునేడేండ్ల బాలునకు తండ్రి అన్నము పెట్టును. ఇరువదియాఱేండ్ల పట్టభద్రుడు తానే పదిమందికి అన్నము పెట్టు వయసువాడు. ఈ సూక్ష్మము గ్రహింపనివారు "రుసుము తగ్గించితిమి, ఇంకేమి కావలయును" అందురు. సైన్యము రుసుము మాని ఊరకుండలేదు, పొట్టయు నింపినది. వేతనమనగా అది.

మఱియొక సంగతి. దీనిని మా వృత్తినిబట్టి చెప్పుచున్నాము గనుక పాఠకులు క్షమింతురు గాక. రైతు బిడ్డకు పదునేడేండ్లు. మన ఒడంబడికల చట్టము 1872 నాటిది. దాని ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివాని ఒడంబడిక చెల్లదు. 1903లో మొహోరీబీబీ దావాలో ప్రీవీకౌన్సిలు ఈ విషయమును తేల్చివేసినది. అందువలననే ఇట్టి పత్రములందు తండ్రి పూచీ, జామీనుదారుల పూచీ తప్పనిసరి యగుచున్నవి. బిడ్డ యావజ్జీవపు వృత్తిని గూర్చి తండ్రి చేవ్రాలు చేయుచున్నాడు! బాలునకు సైన్యమనగా ఏమో తెలియదు, వైద్యమనగా ఏమో తెలియదు. టీవీలో చూచిన యూనిఫారము తెలియును. అతడు గొప్ప వైద్యాధికారి కావచ్చును, కావలెనని మా ఆశీస్సు. కాని సేవకు ప్రతిగా చదువను ఒడంబడికకు ఎవరు తగినవారని యడిగినచో, చట్టము పలుకు సమాధానము పెద్దవాడనియే. నర్సమ్మ తన సంతకము తానే చేయును. ఆళ్లగడ్డలో వేసవి యెట్లుండునో, మందులు లేని రోజున రోగి బంధువులు ఏమందురో, రాత్రి రెండు గంటలకు అంబులెన్సు రాకున్న ఏమగునో తెలిసి చేయును. ఇంతకంటె తెలిసి చేసిన ఒడంబడిక యేది?

పట్టభద్రులు వైద్యము చదువుట వింతయని కొందరి భ్రమ. అమెరికాలో ముందు ఒక పట్టము లేక వైద్యకళాశాలలో కాలుమోపుట అరుదు. ఇంగ్లండులో 2000 సంవత్సరము నుండి పట్టభద్రులకు నాలుగేండ్ల ప్రత్యేకపాఠ్యక్రమములు నడచుచున్నవి. అచ్చటి సైన్యమును వైద్యవిద్యార్థులకు వేతనములిచ్చి పిమ్మట కొలువు చేయించుకొనుచున్నది. అంతదూరమేల? మన పట్టాభి సీతారామయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, ఆ పిమ్మటనే ఎం.బి., సి.ఎం. చదివి, బందరులో వైద్యము చేసిరి. ఇక యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ మనవారందరు చెప్పుకొందురు గాని, ఆయన ప్రయాణమునకు ధనమెచ్చటిదో చెప్పుకొనరు. మామగారు కూడబెట్టిన సొమ్మును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ అండయును ఆయనను 1922లో బోస్టను చేర్చినవి. అచ్చట చేరిన పిమ్మట పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రులు చాకిరి చేసిరి. ప్రపంచమునకు ఎన్నో మందులనొసగిన మనిషి ఆసుపత్రిలో మలమూత్రపాత్రలు మోసెను. ఆ ధర్మసంస్థయే లేకున్న? ధర్మాత్ముడొకడు పుట్టువరకు కాచుకొనియుండుట ఒక రాజ్యమునకు పద్ధతి కాదు.

రాజ్యములు ఈ విషయమున ఏమి చేయగలవో తెలియుటకు 1972వ సంవత్సరమును చూడవలయును. అమెరికాలో 1950 నుండి వైద్యులను బలవంతముగా సైన్యమునకు లాగుకొను చట్టముండెను. వియత్నాము యుద్ధముపై జనులు తిరుగబడుటతో ఆ నిర్బంధము అంతరించు దశకు వచ్చి, 1973లో ముగిసినది. బలాత్కారము పోవుచున్నప్పుడు సైన్యమునకు వైద్యులెట్లు దొరకుదురు? 1972లో వారు చట్టము చేసిరి. వైద్యవిద్యార్థికి రుసుము, పుస్తకములు, నెలజీతము సైన్యమే ఇచ్చును; అతడు వేతనమందిన ప్రతి సంవత్సరమునకు ఒక సంవత్సరము చొప్పున కొలువు చేయును. బెతెస్డాలో సైనికవైద్య విశ్వవిద్యాలయమును ఆ చట్టముచేతనే యేర్పడినది. చదివినది బలవంతపు కాలములో గాదు, బలవంతము చెల్లని కాలములో వేతనము పుట్టినదని గుర్తింపవలయును. మఱి ఆ 1972లోనే అదే దేశమున సైన్యముతో నిమిత్తము లేక, వైద్యులు లేని పల్లెలలోను, బీదల పేటలలోను పనిచేయుటకు ఒప్పుకొన్న విద్యార్థులకు జాతీయ ఆరోగ్యసేవాదళము పేర పౌరవేతనమును ఏర్పరచిరి. సైన్యము చూపిన త్రోవను పౌరప్రభుత్వము అదే యేట పట్టినది.

జపానులోను ఆ సంవత్సరమే. పల్లెలలో వైద్యులు కరవై, అచ్చటి ప్రాంతీయ ప్రభుత్వములన్నియు కలిసి జిచీ వైద్యవిశ్వవిద్యాలయము స్థాపించినవి. ప్రతి ప్రాంతము తన బిడ్డలను ఇద్దరు ముగ్గురను పంపును. ఆఱేండ్ల చదువునకు సొమ్ము అప్పుగా నిచ్చి, చదివిన కాలమునకు ఒకటిన్నర రెట్లు, అనగా తొమ్మిదేండ్లు, సొంతప్రాంతమున పనిచేసినచో ఆ యప్పు మాఫీ చేయుదురు. బహుభాగము గడువు పూర్తిచేయుచున్నారు. జపాను సైన్యమునకు వేఱుగా తన వైద్యకళాశాల యున్నది. అది దాని దారిని అది పోవుచున్నది. మన పొరుగున వేలూరి క్రైస్తవ వైద్యకళాశాలలో సైతము మిషను ఆసుపత్రులు తమ తరఫున విద్యార్థులను పంపి, చదువు ముగిసిన పిమ్మట వారిచే రెండేండ్లు పనిచేయించుకొనుచున్నవి. పటాలము చేయగలిగినది, జపాను ప్రాంతములు చేయగలిగినది, మిషనుదొరలు చేయగలిగినది, కోట్లమంది ప్రజలుగల ఆంధ్రప్రదేశ ప్రభుత్వము చేయలేదా?

ఒడంబడికలు వ్రాయించుకొనుట మన ప్రభుత్వములకు రానిది కాదు. వచ్చును, మిక్కిలిగా వచ్చును. పైచదువులు చదువు వైద్యులచే లక్షల రూపాయల బాండ్లు వ్రాయించుకొని నిర్బంధసేవ చేయించు పద్ధతి పెక్కు రాష్ట్రములలో గలదు. ఇది ప్రాథమిక హక్కులకు భంగకరమని వైద్యులు సుప్రీంకోర్టుకెక్కిరి. 2019లో కోర్టు వారి వాదమును త్రోసిపుచ్చి, బాండ్లు చెల్లునని తీర్పు చెప్పినది; దేశమంతటికి ఒకే విధానము ఆలోచింపుడని కేంద్రమునకు సూచించినది. తీర్పు శిరోధార్యము. కాని కోర్టు చెల్లునన్నంతమాత్రమున ఆ పద్ధతి తెలివిగలదని కాదు. వానికి అన్నము పెట్టి, రుసుము మాని, ముందుగా చెప్పి, వాని సమ్మతితో సేవ కోరుట ఒడంబడిక. సీటునకు అతనిచేతనే సొమ్ము పెట్టించి, చేరునాడు పత్రము ముందఱ పెట్టి, సంతకము చేయకున్న చదువు లేదనుట వేఱొకటి. దానికి మా తాతల కాలపు పేరు వెట్టి. చట్టము ఈ రెంటికిని భేదము చూపకపోవచ్చును. కొలువులో చేరిన వైద్యుని మనస్సు చూపును. వెట్టివాడు గడియారము చూచుకొనుచు పనిచేయును.

బాండు వ్రాసినవాడు ఎగవేసినచో? ఇది తఱచు విను ఆక్షేపణ. తేలికగా త్రోసివేయదగినది కాదు. మనిషియొక్క సొంత నేర్పుమీద ఆధారపడిన ఒడంబడికను బలవంతముగా అమలుపరుపరాదని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టము చెప్పుచున్నది. వైద్యుని మెడబట్టి ఆసుపత్రిలో కూర్చుండబెట్టి నాడి చూడుమనుటకు ఏ కోర్టును డిక్రీ ఇయ్యదు. మిగులునది సొమ్ము. ధనవంతుడు సొమ్ము పారవేసి పోవును; అప్పుడు బాండు మొత్తమే సీటు వెల యగును. పుణె పత్రములోని అరువది లక్షలును ఈ లోపమునకు అతీతము కావు. అందువలన పాఱిపోవువానిని దండించుటకంటె పాఱిపోనివానిని ఏరుకొనుటయే మార్గము. అట్టివాడు ఎవడు? కోచింగు కేంద్రమున రెండేండ్లు బంధింపబడి వచ్చిన, నంద్యాల యెచ్చటనున్నదో తెలియని పదునేడేండ్ల పిల్లవాడా? ఆళ్లగడ్డలో ఇల్లుండి, అచ్చటనే తల్లియుండి, ఈసరికే ఆ ఆసుపత్రిలో నాలుగేండ్లు పనిచేసి, ఇంకను అచ్చటనే యుండగోరు నర్సమ్మయా? మా మహానందిలోనే 1991 నుండి వ్యవసాయ కళాశాల యున్నది. ఈ చుట్టుప్రక్కల బి.ఫార్మసీ చదివి మందుల దుకాణములలో నిలుచున్నవారున్నారు, బి.ఎస్‌సి. చదివి ఉద్యోగము లేక పఠనమందిరమున మా ప్రక్కనే కూర్చుండువారున్నారు. వీరిలో వైద్యమునకు తగినవారు పదిమంది దొరకరందురా?

ప్రతిభ తగ్గునని మఱికొందరు గుండెలు బాదుకొందురు. ఏటికి పండ్రెండు లక్షలు చెల్లించినవానికి తక్కువ ర్యాంకునకు సీటు ఇచ్చునప్పుడు ఈ గుండెలు ఎచ్చట నుండెనో తెలియదు. ధనమునకు ర్యాంకు సడలింపవచ్చును గాని, ఏడేండ్ల సేవకు సడలింపరాదా? నీట్ నందు అర్హత పొందకయే చేర్చుకొండని మేమనుట లేదు. అర్హత పొందిన పట్టభద్రులను వారిలో వారికే పోటీపెట్టి ఏరుకొనుడనుచున్నాము. అన్ని పరీక్షలును తక్కినవారితో సమముగా వ్రాయుదురు, తప్పినవారు తప్పుదురు. చదువుకాలము తగ్గింపుడనియు అడుగుట లేదు. ఇంగ్లండువలె నాలుగేండ్ల క్రమము పెట్టవలెనన్న అది ఢిల్లీలో తేలవలసిన మాట. వేతనము ఇచ్చుటకు ఢిల్లీ పోనక్కరలేదు.

ఖర్చెంత? లెక్క చెప్పుదుము. నంద్యాల కళాశాలలో పండ్రెండు లక్షలకు వెలకట్టిన సీట్లలో ఏటికి పది తీసి ఈ పట్టభద్రులకు కేటాయింపుడు. ప్రభుత్వము వదలుకొను రుసుము ఆ పదిమందికి సంవత్సరమునకు ఒక కోటి ఇరువది లక్షలు. ఒక్కొక్కరికి నెలకు పదునైదువేల వేతనమిచ్చినచో సంవత్సరమునకు పదునెనిమిది లక్షలు. వెరసి ఒక కోటి ముప్పదియెనిమిది లక్షలు. ఇందు చేతినుండి పోవునది పదునెనిమిది లక్షలే. తక్కినది రాకపోవు సొమ్ము. జపానువారి ఒకటిన్నర రెట్ల లెక్క మన నాలుగున్నరయేండ్ల చదువునకు కట్టినచో సేవాకాలము ఇంచుమించు ఏడేండ్లగును. సైన్యపు స్వల్పకాలపు కమీషనును ఏడేండ్లే. ఒక్క తరగతినుండి పదిమంది వైద్యులు ఏడేసి సంవత్సరములు! ఆళ్లగడ్డ, ఆత్మకూరు, శ్రీశైలము, బనగానపల్లె ఆసుపత్రులలో ఖాళీ కుర్చీలను చూచినవారికి ఈ లెక్క విప్పి చెప్పనక్కరలేదు.

షరతులును న్యాయముగా నుండవలయును. పనిచేయవలసిన ఆసుపత్రులేవో చేరునాడే చెప్పవలయును. మధ్యలో మంత్రిగారి చీటీమీద మార్చరాదు. జీతము తక్కిన సర్కారు వైద్యులతో సమముగా నుండవలయును. సేవాకాలము సగము గడచిన పిమ్మట పైచదువునకు పోగోరినవారికి సెలవిచ్చి, తిరిగివచ్చి మిగిలినది పూర్తిచేయనీయవలయును. వివాహము అడ్డు కారాదు. సైన్యమునకు ఆ నియమమేల కావలసెనో గాని, ప్రసవములు చేయవలసిన వైద్యురాలికి వివాహము ఏమి దోషము? మాట తప్పినవారు అందుకొన్నదానిని వడ్డీతో చెల్లింపవలయును. అంతకు మించిన జుల్మానా, ఎవరికిని అర్థముకాని అరువది లక్షల యంకె, వలదు. అంత పెద్ద యంకె బీదవానిని చేరకమునుపే బెదరించును గాని, ధనవంతుని ఆపదు. మా కచ్చేరీలో ఆ రైతు ముఖము చూచినవారమగుటచే చెప్పుచున్నాము.

రైతు తుదకు చేవ్రాలు చేసెను. పిల్లవాడు పుణె చేరినాడు. నర్సమ్మ పేర ముఖ్యమంత్రికిని, ఆరోగ్యశాఖా మంత్రికిని పంపదగిన అర్జీ యొకటి పైషరతులతో మేము వ్రాసితిమి. దాని ప్రతి పఠనమందిరపు బల్లమీద నుంచినాము. బి.ఎస్‌సి., బి.ఫార్మసీ, నర్సింగు పట్టభద్రులు ఎవరైనను వచ్చి చదువుకొని, సమ్మతించినచో తమ పేరు, పట్టము, వయసు వ్రాసి సంతకము చేయవచ్చును. నంద్యాల, ఆళ్లగడ్డ శాసనసభ్యులకును అది పంపుచున్నాము. వారి ప్రత్యుత్తరము వచ్చినచో ఈ పుటయందే ప్రకటింతుము. రాకున్నను ఆ సంగతి ప్రకటింతుము.